మా నాయనకు ఎనిమిదో నెల

"నాకు పొద్దున్నుంచి కాళ్లు వాచినాయి. చెప్పులు పట్టడం లే. ఎడం పక్కకు పండుకుంటే నడుము పీకుతాండాది. ఏం చేయల్లో ఎవురన్నా చెప్పండి."

కోడుమూరులో మా ఇంటి వసారాలో కూర్చుని, ఫోను నోటి ముందు పలకలా పట్టుకుని, వీధి మలుపుదాకా వినబడేట్టు ఈ మాటలు చెప్పింది మా నాయన. అరవై దాటిన మనిషి, గుబురు మీసాలు, ఎరువుల అంగడి. గేటు అవతల బోరు కింద వేరుశనగకు తెగులు మందు అడుగుదామని వచ్చిన రైతు ఒకాయన ఆ మాటలన్నీ విన్నాడు. మూతికి కట్టుకున్న తువ్వాలు పైకి లాక్కున్నాడు. "అన్నా, నీకు బాగలేనట్టుండాది. రేపొస్తాలే," అని వచ్చిన దారినే పోయాడు.

కాళ్లు వాచింది నాకు. ఎనిమిదో నెల నాది. కానీ ఫోనులో ఉన్న గ్రూపుకు మాత్రం ఎనిమిదో నెల మా నాయనది.

ఇది కరోనా మొదటి ఏడాది సంగతి. కాన్పుకు పుట్టింటికి వచ్చాను. వచ్చినరోజే అమ్మ నా ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. కడుపుతో ఉన్నది గానీ, బాలింత గానీ అక్షరాలు చూడకూడదు, చూస్తే ముసలితనంలో కళ్లు పోతాయి అని మా ఇళ్లలో గట్టి నమ్మకం. వాళ్ల కాలంలో పుస్తకాలు దాచేవాళ్లు, ఇప్పుడు ఫోన్లు దాస్తారు. ఎం.ఏ. చదివాను, బళ్లో పిల్లలకు పాఠాలు చెబుతాను. అయినా ఒక్క మాట ఎదురు చెప్పలేదు, ఎందుకంటే వారం తిరక్కుండా కోపం చేసైనా ఫోను ఇప్పించుకుంటానని నాకు తెలుసు. ఆ వారంలోనే కడపలో మా అక్కకు నొప్పులొచ్చాయి. అమ్మ ఆదరాబాదరాగా బయల్దేరింది, బీరువా తాళం బొడ్లోనే ఉండిపోయింది. మర్నాడో ఆ మర్నాడో దేశమంతా తలుపులు మూసేశారు. కడపలో మా అక్కవాళ్ల వీధికి అడ్డంగా కట్టెలు కట్టేశారు. అమ్మ అటు, నేను ఇటు, నా ఫోను బీరువాలో. బీరువా పగలగొడదామంటే అది అమ్మ పెళ్లినాటిది. దాని మీద చెయ్యి వేసే ధైర్యం మా నాయనకు ఈ జన్మలో లేదు.

బెంగుళూరులో చిక్కుకుపోయిన మా ఆయన ఫోన్ చేస్తే, స్పీకరు పెట్టి మా నాయనే పట్టుకునేవాడు. అమ్మ చెప్పింది కదా, నాకు ఇవ్వకూడదు. ఆ రోజుల్లో మొగుడూపెళ్లాలం మేం మాట్లాడుకున్న మాటలు ఏ పంచాయతీ ఆఫీసులో కూర్చునైనా మాట్లాడుకోవచ్చు.

ఇంతకూ ఆ గ్రూపు ఎట్లా పుట్టిందో చెప్పాలి. కర్నూలులో నేను చూపించుకునే ఆసుపత్రి బయట, మనుషులు ఎడంగా నిలబడాలని సున్నంతో గుండ్రాలు గీశారు. గీసినవాడు కడుపుల సంగతి మరిచిపోయాడు. మేం ఒక గుండ్రంలో నిలబడితే మా పొట్టలు పక్క గుండ్రంలో ఉండేవి. కాపలాదారు కర్ర ఊపుతూ "లోపలికి జరుగమ్మా" అనేవాడు. ఏది లోపలికి జరపాలో ఆయనకూ తెలియదు. నా ముందు గుండ్రంలో ఉన్న కడప ఆమె కర్నూలులోనే కాలేజీలో లెక్చరరు. "ఇంక మనల్ని ఈడికి గూడా రానీరు. మనకు మనమే చెప్పుకోవల్ల," అని నిలబడ్డవాళ్లందరి నంబర్లూ రాసుకుంది. నేను మా నాయన నంబరు ఇచ్చాను. సాయంత్రానికి ఆయన ఫోనులో ఒక కొత్త గ్రూపు మొలిచింది. పేరు 'గుండ్రం'. కింద నియమాలు. మొదటి నియమం, మగవాళ్లకు ప్రవేశం లేదు.

మా నాయన కళ్లద్దాలు పెట్టుకుని నియమాలన్నీ పైకి చదివాడు. కొత్త పురుగుమందు వస్తే డబ్బా మీది కాగితం కూడా ఆయన అట్లాగే చదువుతాడు.

"ఫోను నాకివ్వు నాయినా, నేను చూసుకుంటా," అన్నాను.

"మీయమ్మ వద్దన్నాది."

"అమ్మ కడపలో ఉండాది!"

"ఆయమ్మకు తెలుస్తాదిమ్మీ," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన బీరువా వైపు చూశాడు.

ఇంతలో కడప లెక్చరరు ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ వచ్చి ఈ నంబరు దగ్గర ఆగింది. 'కోడుమూరు నంబరు ఎవరిది? ఆడవాళ్లేనా? జవాబు లేకపోతే తీసేస్తాను.' మా నాయనకు కంగారు పుట్టింది. అమ్మ లేదు, డాక్టరమ్మ ఫోను ఎత్తదు, ఎదురింటి అత్త భయపడి గోడ మీద కూర గిన్నె పెట్టి పారిపోతాంది. ఈ గ్రూపు కూడా పోతే ఆడకూతురి సంగతి ఎవరిని అడగాలి? వేళ్లు లావు కాబట్టి టైపు చేయడం రాదు. నోటితో చెబితే ఫోనే రాసుకునే ఏర్పాటు అంగడి కోసం నేర్చుకున్నాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా ఒకే మాట చెప్పాడు.

"నేనే."

నేను విన్నంతవరకూ మా నాయన చెప్పిన మొదటి అబద్ధం అదే. మొదటి అబద్ధం తర్వాత ఇంక దారి లేదు. 'నా కూతురికి' అని చెప్పడానికి వీల్లేక, అన్నీ 'నాకు' అనే చెప్పాడు. నాకు వికారంగా ఉండాది. నాకు పుల్లటివి తినబుద్ధి అయితాండాది. నాకు బిడ్డ శానా తంతాంది. ఈ ప్రకటనలన్నీ వసారాలో, ఉన్న గొంతంతా పెట్టి. నేను లోపల మంచం మీద తల పట్టుకునేదాన్ని. వీధిలో మావాళ్లు కొందరు అంగడికి రావడం మానేశారు. కరోనా భయం కొంత, ఇది కొంత.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, గ్రూపులో ఆయనకు పేరొచ్చింది. ఎవరైనా "వాంతులు" అంటే మిగతావాళ్లు అయ్యో పాపం అని వరసగా బొమ్మలు పెట్టేవాళ్లు. మా నాయన మాత్రం అంగడిలో రైతును అడిగినట్టు అడిగేవాడు. ఎన్నాళ్ల నుంచి? ఏ రంగు? తిన్నాక వస్తాందా, తినకముందా? ఆసుపత్రికి చెప్పినావా, ఊరికే ఈడ చెప్పి కూర్చున్నావా? చెట్టు చూడకుండా మందు చెప్పడం ఆయనకు పరమ అసహ్యం. ఆకు తేకుండా వచ్చిన రైతును ఆకు తెచ్చిందాకా నిలబెట్టేవాడు. ఇక్కడా అదే పద్ధతి. వారం తిరిగేసరికి ఎవరికి ఏం వచ్చినా "కోడుమూరు అక్కను అడగండి" అనేదాకా వెళ్లింది. గ్రూపులో అందరికీ కలిపి సీమంతం చేస్తామని, గాజుల చేతుల ఫోటోలు పెట్టమన్నారు. నా చెయ్యి ఫోటో తీసి పెట్టాడు. 'అక్కా, నీ చేతులు ఎంత సుతారంగా ఉండాయో' అని పొగడ్తలు. ఆయన ఆ పొగడ్త చదివి తన చేతులు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నేను చూశాను.

ఈ పాట్లన్నీ ఎందుకు పడ్డాడో నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది నాకు ఒక కడుపు అయిదో నెలలో పోయింది. ఆ రోజు ఇంట్లో అందరూ ఏడ్చారు. మా నాయన ఒక్కడే ఏడవలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా వెళ్లి అంగడి తెరిచి కూర్చున్నాడు. తర్వాత కూడా దాని గురించి ఒక్క మాట అనలేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం లోపల అట్లాగే ఉండిపోయింది. ఈసారి బిడ్డ దక్కాలి, ఇంట్లో అందరి మనసులోనూ ఉన్నది అదొక్కటే. పైకి ఎవరూ అనలేదు.

బిడ్డ కర్నూలులో పుట్టింది. ఆడపిల్ల. బాగానే పుట్టింది. మా నాయన ఆసుపత్రి మెట్ల మీద నిలబడి గ్రూపుకు చెప్పాడు, "నాకు ఆడపిల్ల పుట్టినాది. మంచిగనే ఉండాం." మెట్లు దిగుతున్న నర్సు ఒక మెట్టు తప్పి దిగింది. గ్రూపులో పండగ. 'అక్కా, నొప్పులు ఎక్కువ పడినావా?' అని ఎవరో అడిగారు. "బయట కుర్చీలు లేవు, అదొక్కటే ఇబ్బంది," అన్నాడు.

ఇంటికొచ్చాక మా నాయన తల్లి అవతారం పూర్తిగా ఎత్తాడు. కడప నుంచి అమ్మ చెప్పడం, ఈయన చేయడం. నా చెవుల్లో దూది కుక్కాడు, తలకు గుడ్డ చుట్టాడు. అది కర్నూలు ఎండాకాలం, రాళ్లు కూడా నీడ వెతుక్కునే రోజులు. సాంబ్రాణి వేయమని అమ్మ చెబితే చిటికెడు వేయాల్సిన చోట డబ్బా వంచాడు. పొగ కిటికీలోంచి వీధిలోకి పోయింది. పంచాయతీ వాళ్లు మందు కొడుతున్నారనుకుని వీధిలోవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఎదురింటి అత్త గోడ అవతలి నుంచి, "అప్పా, మా ఇంటి వైపు గూడా కొంచెం కొట్టించు," అని అరిచింది.

అంతవరకూ నవ్వుకున్నాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. నాకు పాలు పడలేదు.

బిడ్డను పెట్టుకుంటే అది రెండుసార్లు లాగి వదిలేసి ఏడ్చేది. నేనూ ఏడ్చేదాన్ని. దాని గొంతు మెల్లమెల్లగా సన్నబడింది. అమ్మ ఫోనులో తెల్లగడ్డల కారం పెట్టమంది, మెంతులు పెట్టమంది, అన్నీ పెట్టాడు. ఎట్లాగో దొరికిన డాక్టరమ్మ, "పెడుతూనే ఉండండి, సాయంత్రానికి బట్ట తడవకపోతే వెంటనే తీసుకురండి," అంది. తీసుకుపోవడమంటే మాటలు కాదు. ఆ పొద్దున్నే మా వీధిలో ఒకరికి జబ్బు తేలింది. రెండు కొసలా కట్టెలు కట్టారు. మా నాయన పోలీసులతో మాట్లాడి బండికి అనుమతి తెచ్చి పెట్టుకున్నాడు. ప్రతి అరగంటకూ బిడ్డ కింద బట్ట ముట్టుకుని చూసేవాడు. పొడిగా ఉండేది. ఆయన ముఖం చూడటానికి నాకు భయం వేసింది. అంతకు ముందు ఏడాది చూసిన ముఖమే అది.

మధ్యాహ్నం వసారాలోంచి ఆయన గొంతు వినబడింది. ఈసారి గట్టిగా లేదు.

"నాకు పాలు పడలేదు. బిడ్డ ఏడ్చేది గూడా తగ్గించినాది. నాకు భయమయితాండాది."

జవాబులు వచ్చిపడ్డాయి. అది తిను, ఇది తాగు, దిష్టి తీయించు. వాటి మధ్యలో బనగానపల్లె ఆమె మాట వచ్చింది. మామిడి తోటలున్న ఇంటి కోడలు, అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి, మాటలో మొహమాటం లేని మనిషి. 'అక్కా, పాలు లేక కాదేమో, బిడ్డ నోరు సరిగ్గా పడటం లేదేమో. చూడకుండా నేనెట్ల చెప్పేది? వీడియో పెట్టు.'

మా నాయన ఆ మాట రెండుసార్లు పైకి చదివాడు. ఇన్నేళ్లూ ఆయన రైతులకు చెప్పిన మాటే అది.

తువ్వాలు నెత్తి మీద నుంచి గడ్డం దాకా చుట్టుకున్నాడు, కళ్లు మాత్రం కనబడేట్టు. మీట నొక్కి, ఫోను నా గదిలో పెట్టి బయటికి పోవాలని ఆయన ఆలోచన. కానీ ఆయన నొక్కింది ఒక్క బనగానపల్లె ఆమెకు కాదు, గుండ్రం మొత్తానికి. తెర మీద టకటకా ముఖాలు తెరుచుకున్నాయి. ఒకామె బిడ్డకు పాలిస్తోంది, ఒకామె తలకు నూనె పెట్టుకుంటోంది, కడప లెక్చరరు నైటీలో ఉంది. అందరూ "అక్కా! కోడుమూరు అక్కా! ముఖం కనపడటం లేదు, గుడ్డ తీయి!" అని ఒకేసారి. మా నాయన బెదిరి ఫోను అటూ ఇటూ తిప్పాడు. తువ్వాలు జారిపోయింది.

మీసాలు.

"అమ్మో!" అని ఒకటే అరుపు. ముఖాలు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. కడప లెక్చరరు మాత్రం కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఉగ్రంగా అడిగింది.

"ఎవరు మీరు?"

మా నాయనకు అప్పుడు కూడా వేరే మాట దొరకలేదు. "నేనే," అన్నాడు.

కడప ఆమె పోలీసులన్నది, కేసన్నది. మా నాయన తలవంచుకుని అన్నీ విన్నాడు. "తప్పేమ్మా. కేసు రేపు పెట్టుకోండి. ఈ పొద్దు బిడ్డ సంగతి చూడండి," అన్నాడు. అప్పుడు ఇంకా ఆరిపోని ఒక చదరంలోంచి బనగానపల్లె ఆమె నవ్వు వినబడింది. చిన్న నవ్వు కాదు, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని నవ్వు.

"ఏమప్పా, ఇన్నాళ్లూ నీతోనా నేను నా కుట్లు పచ్చిగా ఉండాయని చెప్పుకునింది? సర్లే. ఆ పిల్ల యాడుండాది? ఫోను దాని చేతికిచ్చి నువ్వు బయటికి పో."

"బాలింత ఫోను చూడగూడదంట. మాయమ్మి వాళ్లమ్మ..."

"అది ఫోను చూడదులే, నన్ను చూస్తాది. పో అప్పా!"

నెలల తర్వాత నా చేతికి ఒక ఫోను వచ్చింది. అందులో తెలియని ముఖం. గుండ్రటి ముఖం, ముక్కుపుడక, వెనక మామిడికాయల కుప్ప. "ఏడ్చొద్దుమ్మీ. ముందు ఆ చెవుల్లో దూది తీయి, నా మాట ఇనపడల్ల," అంది. తీశాను. ఫోనును మంచినీళ్ల బిందెకు ఆనించమంది. బిడ్డ తల ఒక్కటే తిప్పి పెడుతున్నానని ఆమె చూడగానే చెప్పింది. "నువ్వు పక్కకు తిరిగి బువ్వ మింగగలవా? దాని పొట్ట నీ పొట్టకు తగలల్ల. నువ్వు దాని మీదికి వంగొద్దు, దాన్ని నీ దగ్గరికి తెచ్చుకో. ఆగు. నోరు పెద్దగా తెరవనీ. ఇంకా. ఇప్పుడు."

పెట్టాను. వదిలేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ వదిలేసింది. బనగానపల్లె ఆమె పిల్లవాడు వెనక ఏదో పడేశాడు. ఆమె తిరగకుండానే వాణ్ని తిట్టి, "మళ్లీ" అంది. నాకు నడుము తెగిపోతోంది, బిడ్డ మీద కోపం, నా మీద కోపం. "మళ్లీ," అంది. ఈసారి బిడ్డ నోరు ఇంతకు ముందులా కాకుండా నిండుగా పడింది. లాగింది. ఆగింది. లాగింది. గదిలో చిన్న చప్పుడు వినబడింది.

"గుటక," అంది ఆమె మెల్లగా. "ఇనపడినాదా? అది గుటక."

తలుపు అవతలి నుంచి మా నాయన గొంతు. "ఏమైనాదిమ్మీ?"

ఆమె ఫోనులోంచే అరిచింది. "తాగతాండాదప్పా! నీ బిడ్డ తాగతాండాది!"

పొద్దు వాలకముందే బట్ట తడిసింది. మా నాయన ఆ తడిబట్టను ఉతకడానికి తీసుకుపోతూ వసారాలో వెలుగుకు ఎత్తి చూశాడు. గేటు బయట కాపలా ఉన్న పోలీసాయనకు కూడా చూపించాడు. ఆయన దూరం నుంచే తల ఊపాడు.

మర్నాడు గుండ్రంలో విచారణ జరిగింది. మోసం అన్నవాళ్లున్నారు, మా గుట్టంతా విన్నాడు అన్నవాళ్లున్నారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు. మా నాయన క్షమించమని చెప్పి తనే బయటికి వచ్చేశాడు. అమ్మకు సంగతి తెలిసి కడప నుంచి తిట్టిన తిట్లకు ఫోను వేడెక్కింది. ఆమె కోపం ఆయన ఆడదానిగా నటించినందుకు కాదు, నా చెవుల్లో దూది తీయించినందుకు.

కొన్నాళ్లకు గుండ్రం వాళ్లే మళ్లీ ఆయన్ను పిలిచారు. ఎవరికి ఏ బాధ వచ్చినా ఏ రంగు, ఎన్నాళ్ల నుంచి అని అడిగే దిక్కు లేకుండా పోయిందట. కడప లెక్చరరు నియమం మార్చి రాసింది. 'మగవాళ్లకు ప్రవేశం లేదు, కోడుమూరు అక్కకు తప్ప.' పేరు మాత్రం మార్చలేదు. ఇప్పటికీ ఆయన అక్కే.

అప్పటికింకా తాళం రాలేదు గనక నేను ఆ ఫోను మీదే ఆధారపడి ఉన్నాను. ఒక సాయంత్రం బిడ్డకు పాలిస్తూ లోపల కూర్చున్నాను. ఎవరో కొత్తగా చేరినామె గ్రూపులో రాసిందట, తనకు కడుపులో బిడ్డ పోయిందని, ఇంట్లో ఎవరూ దాని మాటే ఎత్తడం లేదని, బతకబుద్ధి కావడం లేదని. ఎప్పుడూ గలగలలాడే గుండ్రంలో బనగానపల్లె ఆమె ఒక్కతే 'ఇప్పుడే ఫోన్ చేస్తా' అని రాసింది. మా నాయన ఆ మాటలు నాకు వినబడేట్టు చదివాడు. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మా, ఒంటరిగా ఉండొద్దు. బనగానపల్లె ఆమె ఇప్పుడే నీకు ఫోన్ చేస్తాది, ఎత్తు. నాకూ ఒకటి పోయినాదిమా, పోయినేడాది. నేను అంగడికి పోయి, మూటల ఎనక కూర్చోని ఏడ్చినా. ఇంటికొచ్చి ఎవురికీ చెప్పలే. నా కూతురు ముఖం చూస్తే మళ్లీ ఏడుపొస్తాదని దానితో మాట గూడా ఎత్తలే. అట్ల చేయకూడదుమా. మీ ఇంట్లోవాళ్లు గూడా నా మాదిరే యాడో కూర్చోని ఏడ్చింటారు. నువ్వే పోయి అడుగు."

అంతసేపూ మాట్లాడి, పంపే మీట నొక్కకుండా ఆగాడు. ఇన్ని నెలల్లో నా కాళ్ల వాపు, నా వాంతులు, నా పాలు, అన్నీ నన్ను అడగకుండానే ఊరికంతా చెప్పిన మనిషి, అప్పుడు మొదటిసారి తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలికి చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మీ, పంపల్నా?" అని అడిగాడు.

"పంపు నాయినా," అన్నాను.